పసివాని కోపము ఎవరిది?

పిల్లలకు పెద్దలు ఇచ్చు ఆజ్ఞలు రెండు విధములు. "అన్నము తిను", "చెప్పులు వరుసగా పెట్టు", "చెల్లెలిని కొట్టకు" అనునవి ఒక విధము. ఇవి కాలుసేతులకు సంబంధించినవి. చెప్పినట్లు చేసినదియు చేయనిదియు కంటితో చూచి తెలిసికొనవచ్చును. "ఏడవకు", "కోపం తెచ్చుకోకు", "భయపడకు", "అత్తయ్య వచ్చింది కదా, నవ్వుతూ ఉండు" అనునవి రెండవ విధము. ఇవి మనసుకు సంబంధించినవి. ఈ రెండవ విధమైన ఆజ్ఞను పాలించు ఉపాయము ఆజ్ఞాపించువారికిని తెలియదు. అరువదేండ్ల పెద్దమనిషిని నిలబెట్టి, ఇక మీకు కోపము రాకూడదని శాసించినచో రాకుండునా? మనకు చేతగాని పనిని మూడేండ్ల బిడ్డను చేయుమనుట న్యాయమేనా? అంతకంటె ముందు అడుగవలసిన ప్రశ్న మఱియొకటి కలదు. ఆ కోపము, ఆ దుఃఖము ఎవరి సొత్తు? బిడ్డ మనది గనుక బిడ్డ మనసును మనదేనా?

ఇది బాలశిక్షణలోని చిన్న సంగతివలె కనిపించును. విచారించినకొలది ఇది ధర్మవిచారమే యని తోచకమానదు. మన ఇండ్లలో నిత్యము జరుగుదానినే తీసికొందము. అన్న చెల్లెలిని త్రోసినాడు; ఆమె పడినది. పెద్దలు వానిని చేయిపట్టి తెచ్చి ఎదుట నిలబెట్టి "సారీ చెప్పు" అందురు. వాడు చెప్పడు. గద్దించిన పిదప నేలచూపులు చూచుచు చెప్పును. పెద్దలకు తృప్తి కలిగినది, తగవు ముగిసినది. కాని ఆ క్షణమున వాని మనసున ఉన్నది పశ్చాత్తాపము కాదు, అవమానము. లేని భావమును ఉన్నట్లు పలికినచో బయటపడవచ్చునని వాడు ఆ పూట నేర్చుకొనినాడు. కర్మేంద్రియములను బిగబట్టి మనసున విషయములనే తలపోయువానిని గీత మూడవ అధ్యాయమున మిథ్యాచారుడని గర్హించినది. గీతాపారాయణము జరుగు ఇండ్లలోనే ఆ మిథ్యాచారమును అక్షరాభ్యాసమునకు ముందే అభ్యాసము చేయించుచున్నారేమో యని మా సందేహము.

అట్లయిన పిల్లలను వారి ఇచ్చకు విడిచిపెట్టవలెనా? కోపము వచ్చినవాడు చెల్లెలిని త్రోయుచునే యుండవలెనా? కొట్టి అణచుట, చూచి ఊరకుండుట - ఈ రెండును గాక మూడవ మార్గము లేదా? కలదనియే మా అభిప్రాయము. ఆ మార్గమును చూపినవారిలో ముఖ్యురాలు ఇటలీ దేశపు వైద్యురాలు మరియా మాంటిసోరి. ఆమె పేరు నేడు వీధివీధిని బడుల పలకలపై కనబడుచున్నది గాని, ఆమె చెప్పినదేమో తెలిసినవారు తక్కువ. ఆమె తన జీవితములో కడపటి పెద్దభాగమును మన నడుమనే, మద్రాసులోని అడయారులో గడిపిన సంగతి తెలిసినవారు మఱియు తక్కువ.

1870లో జన్మించి 1896లో రోములో వైద్యపట్టమును పొందిన ఆమె, 1907 జనవరి 6వ తేదీన ఆ నగరములోని సాన్ లోరెంజో అను పేదల పేటలో మొదటి శిశుగృహమును తెఱచినారు. తలిదండ్రులు కూలికి పోగా మెట్లమీద ఆడుచు గోడలు పాడుచేయు పసివారిని కనిపెట్టి యుండుటకై ఏర్పడిన గది అది. అచ్చటినుండి ఆమె పద్ధతి ప్రపంచమంతట వ్యాపించినది. 1939లో దివ్యజ్ఞాన సమాజాధ్యక్షులు జార్జి అరండేలు, ఆయన సతి రుక్మిణీదేవి ఆహ్వానముపై ఆమె తన కుమారుడు మేరియోతో అడయారు వచ్చినారు. కొలది మాసములుండి పోవలెనని వచ్చినవారికి యుద్ధము అడ్డుపడినది. 1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగగానే ఆమె శత్రుదేశస్థురాలైనది. కుమారుని అహమ్మదునగరు నిర్బంధ శిబిరమునకు పంపిరి. ఆమెను సమాజపు ఆవరణ దాటరాదనిరి. ఆగస్టు 31వ తేదీన ఆమెకు డెబ్బది యేండ్లు నిండిన దినమున వైస్రాయి ఆ కుమారుని విడుదల చేసి కానుకగా పంపినాడు. 1898లో పుట్టిన ఆ కుమారుని సుమారు పదునైదేండ్లు వచ్చువరకు ఆమె తన వద్ద ఉంచుకొనలేకపోయినారు. నాటి సమాజము అవివాహితయైన తల్లిని సహింపదు గనుక పల్లెలో పెంపకమున కిచ్చినారు. పసివారి మనోవేదనను గూర్చి ఆమె వ్రాసిన మాటలను చదువునపుడు ఈ సంగతి జ్ఞప్తికి రాక మానదు.

అడయారులో మొదటి శిక్షణకు సుమారు 300 మంది ఉపాధ్యాయులు వచ్చినారు. నాడు మద్రాసు తెలుగువారికిని రాజధానియే. తరువాత కొడైకెనాలు, మరల అడయారు, అహమ్మదాబాదు - ఇట్లు ఆమె ఉపన్యాసములు సాగినవి. పుట్టుకనుండి ఆరేండ్లలోపు పసివాని మనసు చుట్టునున్న లోకమును నీటిని పీల్చిన దూదివలె గ్రహించునని ఆమె వివరించిన గ్రంథము 1949లో అడయారులోనే అచ్చుపడినది. 1952లో హాలండు దేశమున ఆమె కన్నుమూసినారు.

ఆమె తొలి గ్రంథమున ఒక ముచ్చట కలదు. మా ఎరుకలో పసివాని మనసును గూర్చి ఇంతకంటె లోతైనది వేరొకటి లేదు. ఒక గదిలో నీళ్ల తొట్టి. అందులో తేలు బొమ్మలు. పిల్లలందరు దాని చుట్టు మూగినారు. వెనుక రెండున్నర యేండ్ల బాలుడు ఒంటరిగా మిగిలినాడు. వానికి ఏమియు కనబడుట లేదు. ముందునకు చొచ్చుకొనిపోవలెనని చూచినాడు, బలము చాలలేదు. ఆగి చుట్టు కలయజూచినాడు. మూలనున్న చిన్న కుర్చీ కంటబడినది. దానిని తెచ్చుకొని ఎక్కి చూడవలెనని వాని ముఖము వెలిగినది. అటు నడువబోవుచుండగా ఉపాధ్యాయురాలు జాలిపడి, వానిని చంకలనుండి ఎత్తి అందరి తలల మీదుగా బొమ్మలను చూపినది. వాడు బొమ్మలను చూచినాడు. కాని ముఖమున వెలిగిన ఆ వెలుగు ఆరిపోయినది. ఇతరులు తన కొఱకు చేయుదురు అను దీనభావము దాని చోటికి వచ్చినదని మాంటిసోరి గమనించినారు.

ఉపాధ్యాయురాలు కొట్టలేదు, తిట్టలేదు. ప్రేమతోనే ఎత్తినది. ఐనను ఒక దొంగతనము జరిగినది. దొంగిలింపబడినది బొమ్మ కాదు. చిక్కునుండి తన ఉపాయముచేత బయటపడు ఆనందము. దండనవలన పిల్లలకు కీడు కలుగునని ఒప్పుకొనువారు నేడు చాలమంది ఉన్నారు. తొందరపడిన దయవలనను కీడు కలుగునని ఒప్పుకొనుటకు మనసు రాదు. ఉమ్మడి కుటుంబపు అలవాట్లు గల మన ఇండ్లలో ఇది మఱింత కష్టము. నాలుగేండ్ల మనుమనికి అన్నము కలిపి ముద్దలు పెట్టు అమ్మమ్మను తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. ఆ ముద్దలో ఉన్నది ఏ పద్ధతికిని లొంగనిది. కాని వాడు స్వయముగా చెంబుతో నీళ్లు వంచుకొనబోవునపుడు "ఒలకబోస్తావురా" అని చెంబు లాగుకొనుట వేరు. నీళ్లు ఒలుకును. గుడ్డతో తుడుచుకొనవచ్చును. ఒలికిన నీటిని తుడుచుకొనిన బిడ్డకు, తప్పు జరిగినను సరిదిద్దుకొనవచ్చునను ధైర్యము కలుగును. ఆ ధైర్యమే రేపు కోపమును దాటుటకును పనికివచ్చును.

బహుమానముల సంగతియు చెప్పవలెను. తొలినాళ్ల శిశుగృహమున ఒక ఉపాధ్యాయురాలు తెలివిగల బాలునికి మెడలో పతకము వేసినది. అల్లరి చేసిన మఱియొకని శిక్షగా అందరి నడుమ కుర్చీలో కూర్చుండబెట్టినది. పతకము వేసికొనినవాడు తన పనిలో అటునిటు తిరుగుచుండగా అది జాఱి శిక్షలోనున్నవాని యొద్ద పడినది. శిక్షలోనున్నవాడు దానిని తీసి త్రిప్పి చూచి, తాను పెట్టుకొనవచ్చునా యని అడిగినాడు. పనిలోనున్నవాడు పెట్టుకొమ్మని చెప్పి, పని చెడగొట్టవద్దన్నట్లు వెడలిపోయినాడు. పని దొరికిన బిడ్డకు పతకము అక్కఱలేదు. పతకము కోరినది పని లేని బిడ్డ. ఈనాడు మన బడులలో నుదుటిమీద అంటించు నక్షత్రములు, చప్పట్లు, పిల్లవాడు పద్యము చెప్పగానే చేతిఫోనుతో చిత్రము తీసి బంధువులకు పంపుట - ఇవన్నియు ఆ పతకపు బంధువులే. మెప్పు మీద బ్రతుకు అలవడిన మనసుకు మెప్పు దొరకని దినమున నిలుచుటకు నేల ఉండదు.

మాంటిసోరి గదిలో భావములను గూర్చిన పాఠము ప్రత్యేకముగా లేదు. మా దృష్టిలో ఆ పద్ధతియొక్క గొప్పతనమిదియే. ఓర్పును గూర్చి ఉపన్యసింపరు; ప్రతి వస్తువును ఒక్కటే ఉంచుదురు. గులాబిరంగు ఘనములు పేర్చు పని ఒకరు చేయుచున్నచో రెండవ బిడ్డ వేచియుండవలెను. లాగుకొనరాదు. లాగుకొనరాదని ఉపాధ్యాయురాలు అరవదు. తన పని అట్లే నడువవలెనని ప్రతి బిడ్డకును ఉండును గనుక ఇతరుల పనిని నడువనిచ్చుట క్రమముగా అలవడును. వస్తువులను లెక్కకు మించి కొనిపెట్టు తండ్రి, "తగవెందుకు, ఇద్దరికీ చెరొకటి" అని ఈ పాఠమును ఇంటినుండి వెడలగొట్టుచున్నాడు.

మౌనపు పాఠము మఱియొకటి. ఒకనాడు ఆమె ఆవరణలో ఒక తల్లి చేతిలోని నాలుగు నెలల పాపను ఎత్తుకొని తరగతిలోనికి వచ్చి, ఈ పాప ఎంత నిశ్శబ్దముగ నున్నదో చూడుడని పిల్లలతో అనినారు. పిల్లలు ఆ పాపతో సమానముగ నిశ్శబ్దముగ ఉండవలెనని ఊపిరి సైతము మెల్లగా తీసినారు. గడియారపు చప్పుడు వినబడినది. అటుపిమ్మట ఆమె దూరముగా నిలిచి ఒక్కొక్కరి పేరును గుసగుసగా పిలువగా, పిలుపు వినినవారు అలికిడి లేక లేచివచ్చినారు. "నోరు మూయండి" అనిన కలుగు నిశ్శబ్దము వేరు, ఇది వేరు. మొదటిది భయము. రెండవది తన శరీరమును తాను పట్టియుంచగల శక్తి. తన పిలుపు వచ్చువరకు వేచియుండగల మూడేండ్ల బిడ్డ, కోపము వచ్చినపుడు ఎత్తిన చేతిని ఆపుకొను విద్యకు ఓనమాలు దిద్దుకొనినట్లే.

ఇచట ఒక అపోహను తొలగింపవలెను. మాంటిసోరి స్వేచ్ఛ అనిన ఇష్టము వచ్చినట్లు చేయుట కాదు. ఇతరులను బాధించు పనిని, మొరటుతనమును వెంటనే ఆపవలెనని ఆమె స్పష్టముగా చెప్పినారు. త్రోసిన చేతిని పట్టి ఆపుటకు పెద్దలకు హక్కు కలదు. అది బాధ్యత కూడను. హక్కు లేనిది ఆ చేతి వెనుకనున్న కోపమును అబద్ధమనుటకు, సిగ్గుపడుమనుటకు. పనికి హద్దు, భావమునకు చోటు - మా వాదమంతయు ఈ రెంటి నడుమ గీతనే ఆశ్రయించి యున్నది.

ఈ సామర్థ్యమునకు పండితులు ఇటీవల ఒక పేరు పెట్టినారు. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞులు దీనిని భావోద్వేగ ప్రజ్ఞ అనిరి. 1995లో డేనియల్ గోల్‌మన్ గ్రంథమువలన ఆ మాట లోకమెల్ల ప్రాకినది. 2006లో లిలార్డ్, ఎల్స్-క్వెస్ట్ అను ఇద్దరు పరిశోధకురాండ్రు అమెరికాలోని మిల్వాకీ నగరమున ఒక పరిశీలన చేసినారు. చీట్లు తీసి ప్రవేశమిచ్చిన ప్రభుత్వ మాంటిసోరి బడిలోని పిల్లలను, చీటి రాక ఇతర బడులకు పోయిన పిల్లలను పోల్చి చూచినారు. ఉయ్యాలను ఒకడే పట్టుకొని దిగకున్న ఏమి చేయుదువని అడుగగా, మాంటిసోరి బడిలోని ఐదేండ్లవారు న్యాయము, వంతు అను మాటలు ఎత్తి నచ్చజెప్పెదమనుట ఎక్కువగా కనబడినది. ఒక నగరపు పరిశీలనను వేదవాక్యముగ గైకొనుమని మేము చెప్పము. ఐదేండ్ల బిడ్డ నోట న్యాయమను మాట వచ్చుట మాత్రము చిన్న సంగతి కాదు.

పెద్దల ఆక్షేపణను తేలికగా త్రోసివేయరాదు. మొక్కై వంగనిది మానై వంగునా యని మన సామెత. ఐదేండ్లు లాలించి, పదేండ్లు దండించి, పదునారవ యేట మిత్రునివలె చూడవలెనని సంస్కృత సుభాషితము. దీనిని దండనకు అనుమతిగా చూపువారు మొదటి ఐదేండ్ల మాటను మఱచుచున్నారు. మూడేండ్లవానిని కొట్టుటకు ఈ సుభాషితము సాక్ష్యమియ్యదు. మన తెలుగువారిలోనే, మద్రాసులో పుట్టి తిరువణ్ణామలైలో కన్నుమూసిన చలముగారు 'బిడ్డల శిక్షణ' అను గ్రంథము వ్రాసి, బిడ్డలు తలిదండ్రుల ఆస్తి కారని, కొట్టుట నేరమని ఘాటుగా వాదించినారు. ఆయన ఇతర వ్రాతలను ఇంటిలోనికి రానీయని పెద్దలు సైతము ఆ ఒక్క పుస్తకమును చదువవచ్చును.

ఒకచోట మాకును మాంటిసోరికిని పొత్తు కుదరదు. ఆరేండ్లలోపు పిల్లలకు రాక్షసుల కథలు, మాయల కథలు చెప్పుట ఆమెకు అంతగా ఇష్టము లేదు. నిజమైన లోకమే వారికి కావలసినంత వింత యని ఆమె తలంపు. ఈ విషయమున మేము అమ్మమ్మల పక్షము. రాక్షసుని కథ విను బిడ్డ భయమును అమ్మమ్మ ఒడిలో, ఏ అపాయము లేనిచోట, అనుభవించి దాటుచున్నది. గుజరాతులో ఆమె పద్ధతిని పాదుకొల్పిన గిజూభాయి బధేకా కూడ ఈ విషయమున ఆమెను అనుసరింపలేదు. 1920లో భావనగరున బాలమందిరమును స్థాపించిన ఆయన జానపద కథలను ఏరి, కూర్చి, పిల్లలకు పంచిపెట్టినారు. కథకు తావులేని బాలమందిరమును ఆయన ఊహింపనేలేదు.

ఇక మనకు, అనగా తరములుగా ఇతర భాషల నడుమ కాపురమున్నవారికి, ఈ ప్రశ్న ఇంకొక రూపమున ఎదురగుచున్నది. మాంటిసోరి పద్ధతిలో పేర్లు నేర్పుటకు మూడు మెట్ల పాఠము ఒకటి కలదు. ఫ్రాన్సు వైద్యుడు సెగాఁ చూపిన దారి అది. గరుకు కాగితమును బిడ్డ వ్రేళ్లతో తాకించి 'ఇది గరుకు' అందురు. నున్ననిదానిని తాకించి 'ఇది నునుపు' అందురు. పిదప 'గరుకుది ఏది?' అని అడుగుదురు. కడపట ఒకదానిని చూపి 'ఇది ఏమి?' అందురు. ముందు అనుభవము, దాని వెంట మాట. మాట అంటినపుడు అనుభవము చేతికి చిక్కును. భావములకును ఇదే న్యాయము. పేరులేని భావము బిడ్డను పట్టి ఊపును; పేరు తెలిసిన భావమును బిడ్డ తాను పట్టుకొనగలదు.

ఆ పేర్లు మన భాషలో ఎంత సన్ననివో చూడుడు. కోపము వేరు, అలుక వేరు. అలుక మనవారనుకొన్నవారి మీదనే కలుగును. బ్రతిమాలువారు వత్తురని దానికి నమ్మకము. పరాయివాని మీద ఎవరును అలుగరు. ఉక్రోషము ఇంకొకటి. చేతగానితనమునుండి, ఓటమినుండి, పదిమందిలో చిన్నతనమైనదను మంటనుండి పుట్టు కోపమది. సారీ చెప్పుమనగా నేలచూపులు చూచిన ఆ అన్నకు కలిగినది ఉక్రోషమే. చెల్లెలు పుట్టినపిమ్మట మంచము క్రింద దూరి కూర్చుండు నాలుగేండ్లవానిది అలుక. ఈ రెంటికిని మందు ఒక్కటి కాదు: అలిగినవానిని పోయి పిలువవలెను, ఉక్రోషపడినవానిని కొంతసేపు ఎవరును చూడనిచోట ఉండనీయవలెను. బెంగ ఉన్నది, ఊరికి పోయిన నాన్న కొఱకు పాలు మానివేయించు దిగులు. బిడ్డకు బెంగ పెట్టుకొని జ్వరము వచ్చినదని మన ముసలమ్మలు చెప్పుదురు. మొహమాటము, చిన్నబుచ్చుకొనుట, మారాము, పేచీ - ఇవన్నియు పసివారి చుట్టు తిరిగి తిరిగి అరిగి నునుపెక్కిన మాటలు. భరతుడు నాట్యశాస్త్రమున స్థాయిభావములు ఎనిమిదింటిని, సంచారిభావములు ముప్పదిమూడింటిని లెక్కించినాడు. మన వంటయిండ్లలోని లెక్క అంతకు తక్కువది కాదు.

బెంగుళూరులోనో కోయంబత్తూరులోనో షోలాపూరులోనో పెరుగు మన బిడ్డకు వీధిలో ఒక భాష, బడిలో ఇంగ్లీషు, ఇంటిలో తెలుగు. యానాము వారికి ఈ చిక్కు కొంత తక్కువ. అచట వీధియును తెలుగే. ఇంటి తెలుగు ఏమి మిగులుచున్నదో మేము కొన్ని ఇండ్లలో చెవియొగ్గి వినినాము. తిను, పడుకో, రా, వద్దు, త్వరగా - చాలవఱకు ఆజ్ఞలు మిగులుచున్నవి. బిడ్డకు దుఃఖము కలిగినపుడు తల్లి ఇంగ్లీషులోనికి మారి "వై ఆర్ యూ సాడ్?" అనుచున్నది, బడిలో నేర్పిన మాట అదియే గనుక. భాష తరువాతి తరమునకు పోవుట లేదని సభలలో విచారించువారము, అది బిడ్డకు ఆజ్ఞల భాషగా మాత్రమే అందుచున్నదను సంగతిని తలపవలదా? తనను అదలించుటకే వాడబడు భాషను ఏ బిడ్డయైనను పెద్దయైన పిదప ఎందుకు నిలుపుకొనును?

దీనికి గ్రాంథికమును నేర్పనక్కఱలేదు. హోసూరు ప్రక్కల తెలుగులో కన్నడము కలిసియుండును. మధుర ప్రక్కల తెలుగులో తమిళము, బరంపురము తెలుగులో ఒడియా కలిసియుండును. ఏడ్చుచున్న బిడ్డ అట్టి కలగలుపు మాటతో తన బాధ చెప్పబోవునపుడు మాటను దిద్దబోవు తండ్రిని మించిన మూర్ఖుడు లేడు. ఆ పలుకే ఆ ఇంటి తెలుగు. అంతేగాక, బిడ్డ ఉప్పెనవలె ఏడ్చుచున్నవేళ ఏ పాఠమును ఎక్కదు. దగ్గర కూర్చుండుటయే పని. ఏడుపు తెరిపియిచ్చిన పిదప, రాత్రి పడుకొనునపుడు, "అన్న బొమ్మ లాక్కున్నప్పుడు నీకు ఉక్రోషం వచ్చింది కదూ" అని మెల్లగా ఒక్కమాట అనిన చాలును. నాలుగు రోజులకు బిడ్డయే వచ్చి "అమ్మా, నాకు ఉక్రోషంగా ఉంది" అనవచ్చును. ఆ మాట అనగలిగినంతసేపు ఆ చేయి ఎవరిని త్రోయదు.

ఇదంతయు ధనవంతుల ముచ్చట యని కొందఱు అందురు. నేడు మాంటిసోరి పలక కట్టిన బడుల రుసుములు చూచిన ఆ మాటలో తప్పులేదు. ఆ పేరును ఎవరైనను పెట్టుకొనవచ్చును. పలక ఉన్నంత మాత్రమున లోపల పద్ధతి ఉన్నదని నమ్మనక్కఱలేదు. ఆ పద్ధతి పుట్టినది మాత్రము రోములోని కూలివారి పిల్లల నడుమ. గిజూభాయితో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్, 1945లో బోర్డిలో పల్లె పిల్లలకై బాలవాడిని ప్రారంభించి, పిదప మహారాష్ట్రములోని కోస్బాడు కొండలలో ఆదివాసి పిల్లల యొద్దకు దానిని కొనిపోయినారు. కొయ్య ఘనములు కొనలేనిచోట గింజలు, గులకరాళ్లు, ఆకులు ఆ పనికి వచ్చినవి. మన ఇంటిలో చింతగింజలు, పప్పు ఏరు చేట, చిన్న చెంబు, తుడుచుగుడ్డ ఉండనే ఉన్నవి. లేనిది బిడ్డ మెల్లగా చేయుచుండగా చూచుచు కూర్చుండుటకు పెద్దలకు తీరిక.

తీరిక వెనుక ఇంకొకటి కలదు. ఉపాధ్యాయుని సిద్ధము చేయుటను గూర్చి వ్రాయుచు మాంటిసోరి వస్తువులను గూర్చి మొదట చెప్పలేదు. నీ కోపమును, నీ అహంకారమును మొదట పరీక్షించుకొనుమని చెప్పినారు. సమానుల యెదుట మన కోపము అదుపులో ఉండును, వారు తిరుగబడుదురు గనుక. బిడ్డ తిరుగబడలేదు; అందుచేత ఆ కోపము అచట అధికారముగా, క్రమశిక్షణగా వేషము మార్చుకొనును. ఈ మాట చదివిన తండ్రి తన కేకలలో ఎన్ని బిడ్డ తప్పునకు చెందినవో, ఎన్ని కార్యాలయమునుండి మోసికొని వచ్చినవో లెక్కవేసికొనవచ్చును.

దుఃఖము విషయమునను పెద్దలు ఇట్లే వేషము మార్తురు. అమ్మమ్మ గతించిన ఏడాది. తల్లి పూజగదిలో కన్నీళ్లు పెట్టుకొనగా బిడ్డ చూచి "అమ్మా, ఏడుస్తున్నావా?" అని అడుగును. "లేదమ్మా, కంట్లో నలుసు పడింది" అని ఆమె ముఖము త్రిప్పుకొనును. బిడ్డను బాధనుండి కాపాడవలెనను ప్రేమయే ఆ అబద్ధమును పలికించినది. బిడ్డకు తల్లి ముఖము చదువుట చదువుకంటె ముందే వచ్చును. నలుసు లేదని దానికి తెలియును. "అమ్మమ్మ గుర్తొచ్చిందమ్మా, బెంగగా ఉంది" అని ఆమె అనినచో ఏమగును? మేము చూచిన ఒక ఇంట మూడున్నర యేండ్ల పాప ఆ మాట విని కొంతసేపు నిలబడినది. పిదప వంటయింటిలోనికి పోయి, రెండు చేతులతో చెంబెడు నీళ్లు దారిపొడవున ఒలకబోయుచు తెచ్చి తల్లి యెదుట పెట్టినది.